ఎర్రబండ తండా దాహం తీరింది

గేమ్యా పద్దెనిమిదేళ్లుగా జరగని సంగతులు రాస్తున్నాడు. అలాగని ఆయన్ని అబద్ధాలకోరు అనుకునేరు, పాపం తగులుతుంది. ఆయన రాసినవన్నీ జరిగేవి. కాకపోతే రాసిన తర్వాత జరిగేవి.

'ఏటిగట్టు' దినపత్రికలో మండల విలేకరులందరి పద్ధతీ అదే. పత్రిక సూర్యాపేటలో అచ్చవుతుంది. లోపల ఒక పేజీ మాత్రం ఊరినిబట్టి మారుతుంది: సూర్యాపేటకొకటి, కోదాడకొకటి, మిర్యాలగూడకొకటి. ఆ పేజీలు సాయంత్రం అయిదు గంటలకల్లా కట్టేయాలి. మన పెద్దలేమో నాలుగు గంటల సభకు ఆరింటికి వచ్చే రకం. వాళ్లు వచ్చి, దండలు వేయించుకుని, మైకు వదిలి దిగేదాకా ఆగితే వార్త మూడోనాడు గానీ పేపర్లో పడదు. మూడోనాటి వార్తను ఎవరు చదువుతారు? అందుకని గేమ్యా పొద్దున్నే ఆహ్వానపత్రం ముందేసుకుని, మధ్యాహ్నం అన్నానికి కూర్చోకముందే "సభ ఘనంగా జరిగింది, ప్రజలు పెద్ద ఎత్తున తరలివచ్చారు" అని ఫోన్‌లో కొట్టి పంపేసేవాడు. సాయంత్రం సభ జరిగేది. ప్రజల సంగతి ఎలా ఉన్నా, కుర్చీలు మాత్రం పెద్ద ఎత్తునే తరలివచ్చేవి. తెల్లారి పేపరు చదివినవాడికి అందులో తప్పన్నదే దొరికేది కాదు.

ఎప్పుడైనా కార్యక్రమం రద్దయితే, అయిదుకు ముందే సూర్యాపేట డెస్కులో ఉండే యాదగిరికి ఫోన్ చేసి "అన్నా, ఆపు" అనేవాడు. యాదగిరి మారుమాట లేకుండా ఆ వార్త తీసి, ఆ జాగాలో ఎండాకాలం తీసుకోవాల్సిన జాగ్రత్తలో, వానాకాలం తీసుకోవాల్సిన జాగ్రత్తలో వేసేవాడు. కోదాడ వైపు జనం ఆరోగ్యం గురించి అంత తెలుసుకోవడానికి కారణం రద్దయిన సభలే.

రెండేళ్ల కిందట పత్రిక యజమాని ఒక వెబ్‌సైట్ కూడా పెట్టాడు. దాన్ని చూసుకోవడానికి మౌనిక అనే అమ్మాయిని తీసుకున్నాడు. అందరికంటే ముందు మనమే ఇవ్వాలని ఆయన పట్టుదల. కాబట్టి విలేకరులు పంపినది పంపినట్టే, అయిదు నిమిషాల్లో వెబ్‌సైట్‌లో ఎక్కిపోతుంది. ఈ సంగతి గేమ్యాకు చెప్పారు కూడా. ఆయన తలూపాడు కూడా. కానీ వెబ్‌సైట్ ఆయనకు దూరపు చుట్టం లాంటిది. ఉందని తెలుసు, వెళ్లి పలకరించింది మాత్రం లేదు. వార్తంటే పొద్దున్నే చేతికి సిరా అంటుకోవాలి, కత్తిరించి గోడకు అంటించుకోవడానికి వీలుండాలి. ఆయన లెక్కలో మిగతాదంతా ఫోన్‌లో ఆడుకునే వ్యవహారం.

ఇక ట్యాంకు సంగతి. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే ఎర్రబండ తండా. గేమ్యాది అదే. నూట ఇరవై ఇళ్లు. చుట్టూ కాలువ కింద పొలాలు పచ్చగా ఉంటాయి గానీ తండాలో తాగడానికి నీళ్లు లేవు. ఉన్న ఒక్క బోరు నీళ్లు తాగితే పిల్లల పళ్లు పచ్చబడతాయి. ఆడవాళ్లు కాలువ అవతల ఒక రైతు మోటారు దాకా నడిచి, ఆయన కరెంటు వచ్చిన వేళ చూసుకుని, బిందెలు నింపుకుని రావాలి. గేమ్యా భార్య నీలా పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ దారిన నడుస్తూనే ఉంది.

గేమ్యా ఈ నీళ్ల గురించి పదకొండుసార్లు రాశాడు. జరగకముందు రాసినవి కాదు, నిజంగా చూసి రాసినవి. ఆ పదకొండు వార్తలకే ట్యాంకు మంజూరైంది. కట్టారు, పైపులు వేశారు, ఇంటింటికీ నల్లా బిగించారు, ట్యాంకు పక్కన వీధి నల్లా ఒకటి పెట్టారు. ఒకసారి నీళ్లు నింపి చూసి, వాల్వు గదికి తాళం వేసి వెళ్లిపోయారు. ఎందుకంటే రిబ్బను కత్తిరించాలి. జిల్లా మంచినీటి కమిటీ చైర్మన్ గారు వచ్చి కత్తిరించేదాకా నీళ్లు ట్యాంకులోనే ఉండాలి. అలా రెండు నెలలు ఉన్నాయి. చైర్మన్ గారు మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ రాలేదు. నాలుగోసారి మే నెలలో ఒక గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు ఖాయమన్నారు.

ఆ గురువారం గేమ్యా వార్తను రెండుసార్లు కొట్టి, చెరిపి, మూడోసారి మళ్లీ కొట్టాడు. తన తండా గురించి మంచి మాట రాయడం అదే మొదలు మరి. "ఎర్రబండ తండా దాహం తీరింది" అని శీర్షిక పెట్టాడు. సాయంత్రం నాలుగు గంటలకు చైర్మన్ గారు వాల్వు తిప్పారని, తాళంచెవి తండావాసులకు అప్పగించారని, నల్లాల్లో గంగ పరవళ్లు తొక్కిందని రాశాడు. వార్తలో ఒక మహిళ మాట ఉంటే నిండుగా ఉంటుందని, "తొలి బిందె పట్టిన నీలా అనే మహిళ కళ్లు చెమర్చాయి. మా కష్టాలు తీరాయని ఆమె ఆనందం వ్యక్తం చేశారు" అని కలిపాడు. ఆ మహిళ ఆ సమయానికి కాలువ అవతల మోటారు దగ్గర, కరెంటు ఎప్పుడొస్తుందా అని తిట్టుకుంటూ నిలబడి ఉంది. ఒంటిగంట దాటాక వార్త సూర్యాపేటకు పంపి, గేమ్యా అన్నానికి కూర్చున్నాడు.

మూడున్నరకల్లా తండా అంతా ట్యాంకు దగ్గరే ఉంది. ముసలమ్మలు అద్దాల రవికలు తీసి తొడుక్కున్నారు. కొబ్బరికాయలు, బంతిపూల దండ, కత్తెర పెట్టిన పళ్లెం, డప్పులు, అన్నీ సిద్ధం. నాలుగైంది. నాలుగున్నరైంది. ఇంకో ఇరవై నిమిషాలు చూసి గేమ్యా చైర్మన్ గారి పీఏకు ఫోన్ చేశాడు.

"సార్ మిర్యాలగూడల ఉన్నడన్నా," అన్నాడు పీఏ. "ఎవరిదో కొత్త రైస్ మిల్లు, పూజ నడుస్తున్నది."

"మరి మా ట్యాంకి?"

"మీ ట్యాంకి అయిపోయింది గదా."

"ఎక్కడ అయిపోయిందే? మేమంత గీడనే నిలబడ్డం!"

"నువ్వు రాసిందే గదన్నా! మధ్యాహ్నం కార్ల సార్ ఫోన్ల సూసిండు. 'ఏందిరా, మనం పోయొచ్చినమా?' అన్నడు. పేపరోళ్లే రాసిన్రంటే పోయొచ్చినట్టే సార్ అని, లిస్టులకెళ్లి కొట్టేసినం. సార్ మస్తు ఖుషీ అయిండు. మంచిగ రాసిండు, ఎవరాయన అని అడిగిండు."

గేమ్యా టైము చూశాడు, అయిదుకు అయిదు నిమిషాలుంది. వెంటనే యాదగిరికి ఫోన్ చేసి "అన్నా, ఆపు" అన్నాడు. యాదగిరి కోదాడ పేజీలోంచి ఆ వార్త తీసి వడదెబ్బ జాగ్రత్తలు వేశాడు. హమ్మయ్య అనుకున్నాడు గేమ్యా. పేపర్లో ఆగిందంటే ప్రపంచంలో ఆగినట్టేనని ఆయన నమ్మకం. తండా వాళ్లకు ఇంకో తేదీ తెస్తానని చెప్పి పంపించాడు. బంతిపూల దండను ఒక ముసలాయన ఊరికే పోనీయడమెందుకని ట్యాంకు నిచ్చెనకే వేసి వెళ్లాడు.

ఇంకో తేదీ కోసం గేమ్యా వారం రోజులు ఫోన్లు చేశాడు. పీఏ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. "ఒక్క ట్యాంకిని రెండుసార్లు ఎట్ల ఓపెన్ చేస్తరన్నా? సార్‌కు ఇజ్జత్ ఉండదా? గాయన ఫేస్‌బుక్‌ల మీ వార్త పెట్టుకున్నడు. నాలుగు వందల మంది దండాలు పెట్టిన్రు," అన్నాడు. చైర్మన్ రాకపోతే పోనీ, తాళంచెవి ఇప్పిస్తే చాలని గేమ్యా కోదాడలో నీళ్ల పనులు చూసే ఏఈ సతీష్ దగ్గరికి వెళ్లాడు.

సతీష్ మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్లు తెప్పించాడు. ఆ గ్లాసు వైపు గేమ్యా చూసిన చూపు ఆయన గమనించలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం చూపించాడు. 'ఏటిగట్టు' వెబ్‌సైట్‌లో వచ్చిన వార్తను రంగుల్లో ప్రింటు తీసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసి ఉంది.

"గురువారం ప్రారంభోత్సవం, అదే రోజు తాళంచెవి తండావాసులకు అప్పగింత. రికార్డు ప్రకారం మీ ట్యాంకు తాళంచెవి మీ దగ్గరే ఉందండీ రిపోర్టర్ గారూ."

గేమ్యా గోడ వైపు చూపించాడు. మేకుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. దానికి 'ఎర్రబండ' అని రాసిన అట్టముక్క కట్టి ఉంది. "మరి గదేంది సారూ?"

"అది వస్తువండీ. నేను చెప్పేది రికార్డు సంగతి. ఒకసారి ఇచ్చేసిన చెవిని మళ్లీ ఇచ్చాననుకోండి, రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. మొదటి చెవి ఏమైందని ఆడిట్ వాళ్లు అడిగితే నేనేం చెప్పను?"

"గా వార్త తప్పు సారూ. రాసినోణ్ని నేనే చెప్తున్న గదా, తప్పు."

"మీరు నోటితో చెబుతున్నారు, ఇక్కడ రాసి ఉంది." సతీష్ ఫైలు మూసి పక్కన పెట్టాడు. మనసులేని మనిషి కాదు, భయస్థుడు, అంతే. "ఒక పని చేద్దాం. వెబ్‌సైట్ అన్నది ఎప్పుడు పడితే అప్పుడు మార్చుకునేది. పేపరు అలా కాదు, అచ్చయిందంటే అయిందే. తెల్లారి పేపర్లో ఈ వార్త లేదని చూపించండి, వెబ్‌సైట్ పొరపాటని నేనే ఫైలు తిరగరాస్తాను. మూడు ఊళ్ల పేజీలూ తేవాలండోయ్. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది కదా మీకు."

గేమ్యాకు ప్రాణం లేచొచ్చింది. పేపర్లో లేదు. తనే ఆపించాడు. కోదాడ పేజీ ఎలాగూ ఇంట్లో ఉంది. మర్నాడే బస్సెక్కి సూర్యాపేట వెళ్లాడు.

ఆఫీసులో పాత పేపర్ల దొంతరలోంచి సూర్యాపేట పేజీ దొరికింది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మార్కెట్‌లో మిర్చి ధర, ఒక పదవీ విరమణ సన్మానం, ఇద్దరి మరణవార్తలు. తండా ఊసే లేదు. ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని, ఎలాగూ వచ్చాను కదా, వెబ్‌సైట్‌లో ఉన్నదాన్ని కూడా తీయించేద్దామని మౌనిక దగ్గరికి వెళ్లాడు. ఆమె కంప్యూటర్లో వార్త తెరిచింది. తన వార్తను వెబ్‌సైట్‌లో ఆయన చూడడం అదే మొదటిసారి. శీర్షిక కింద చిన్న అక్షరాల్లో, మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండు నిమిషాలు అని ఉంది.

"గా టైమెందుకేసినవ్ బిడ్డా?"

"నేనెయ్యలేదన్నా, సైటే ఏస్తది. అన్నిటికీ ఏస్తది."

గేమ్యా అన్నీ చూపించమన్నాడు. ఆమె చూపించింది. సాయంత్రం నాలుగింటి సభ పదకొండున్నరకే ఘనంగా జరిగింది. రాత్రి జరిగిన భజన మధ్యాహ్నమే భక్తులను అలరించింది. ఒక మాజీ సర్పంచ్ విగ్రహావిష్కరణ పొద్దున్నే అయిపోయింది, విగ్రహం తెచ్చిన లారీ మాత్రం ఆ రోజు మూడింటికి గానీ మిర్యాలగూడ దాటలేదని ఆయనకు బాగా గుర్తు. పేపరు మీద తేదీ ఉంటుంది, గంట ఉండదు. పద్దెనిమిదేళ్ల తన నిజాయితీ అంతా ఆ గంట లేకపోవడం మీదే నిలబడి ఉందని గేమ్యాకు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. సిగ్గేసింది. పక్కనే ఒకమ్మాయి చూస్తుండగా సిగ్గుపడడం ఆయనకు కొత్త.

"తీసెయ్యి బిడ్డా గది."

"నేను తీయలేనన్నా. ఎక్కించుడు నా చేతుల ఉన్నది, తీసుడు లేదు. మన ఓనరు, ఎండీ సార్ సంతకం గావాలె. నువ్వు అప్లికేషన్ రాసియ్యి, పంపుతా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఒక్క మాట చెప్తా, ఏమనుకోకు. ఏడు వేల మంది చూసిన్రు దాన్ని. మన సైట్ల గంత మంది దేన్నీ చూడలే. సార్ జల్ది తీయనియ్యడు."

అయినా అప్లికేషన్ రాశాడు. ఎందుకైనా మంచిదని యాదగిరి దగ్గరికి పోయి, పేపర్లో నాలుగు ముక్కలు సవరణ వేయమని బతిమాలాడు. యాదగిరి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పేపర్ల రాని వార్తకు పేపర్ల సవరణ ఎట్ల ఏస్తరయ్యా గేమ్యా? చదివెటోడు ఏమనుకోవాలె? వార్త ఎప్పుడొచ్చిందిరా అని తలకాయ పట్టుకోడా?"

"మరి ఎట్లన్నా?"

"వెబ్‌సైటోళ్లు ఏసినదాన్ని వెబ్‌సైటోళ్లే దిద్దాలె. మాదీ వాళ్లదీ అలగ్ అలగ్," అన్నాడు యాదగిరి. మౌనిక కూర్చునే బల్లకూ ఆయన బల్లకూ మధ్య ఒక కూలరు మాత్రమే ఉంది.

రెండు పేజీలు చేతికొచ్చాయి, మిగిలింది మిర్యాలగూడ. అక్కడి ఏజెంటు మిగిలిన పేపర్లన్నీ తూకానికి వేసేశానన్నాడు. పాత కాగితాల దుకాణంలో అడిగితే నిన్ననే లారీ వెళ్లిందన్నారు. గేమ్యా మిల్లుల రోడ్డంతా తిరిగాడు. మంగలి షాపులో ఆ వారం పేపర్లన్నీ ఉన్నాయి, శుక్రవారానిది తప్ప. చివరికి రైల్వే స్టేషన్ దగ్గర, హమాలీలు టీ తాగే కొట్టులో, బిస్కెట్ సీసాల కింద పరిచిన పేపరు మీద ఆయన కన్ను పడింది. తేదీ అదే. కొట్టాయన సీసాలు ఒక్కొక్కటే ఎత్తుతుంటే గేమ్యా కింద వాక్యాలు ఒక్కొక్కటే చదివాడు. మూడో సీసా ఎత్తేసరికి "ఎర్రబండ తండా దాహం తీరింది" అని కనిపించింది.

అక్కడి నుంచే యాదగిరికి ఫోన్ చేశాడు.

"నువ్వు కోదాడ పేజీల ఆపమన్నవ్, ఆపిన," అన్నాడు యాదగిరి. "మిర్యాలగూడ పేజీ చూసేటాయన వేరు. ఆయనకు అడుగున జాగ మిగిలినట్టుంది, వెబ్‌సైట్లకెళ్లి తీసి ఏసిండు. ఆడి జనానికి మీ తండా సంగతి ఏం తెలుస్తది తియ్యి, పరేషాన్ గాకు."

గేమ్యా టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. ఆ పేజీ తీసుకెళ్లకుండా రెండే చూపిద్దామా అన్న ఆలోచన రాకపోలేదు. మళ్లీ ఇంకోసారి పేజీ వైపు చూశాడు. సరిగ్గా తన వార్త పైన, పెద్ద ఫొటోతో ఇంకో వార్త ఉంది. మిర్యాలగూడలో కొత్త మిల్లును గురువారం సాయంత్రం నాలుగు గంటలకు చైర్మన్ గారు ప్రారంభించారు. కింద, అదే గురువారం సాయంత్రం నాలుగు గంటలకు అదే చైర్మన్ గారు ఎర్రబండలో వాల్వు తిప్పారు. రెండింటికీ మధ్య గంట పైన ప్రయాణం. ఫొటోలో చైర్మన్ గారు కొత్త బియ్యం దోసిట్లో పట్టుకుని నవ్వుతున్నారు, వెనక గోడ గడియారం కూడా పడింది. నాలుగూ అయిదు. గేమ్యా ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కొట్టాయనకు ఆ రోజు కొత్త పేపరు కొనిచ్చి, పాతదాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి తెచ్చుకున్నాడు.

మర్నాడు సతీష్ మూడు పేజీలనూ బల్ల మీద పరిచి శ్రద్ధగా చూశాడు. సూర్యాపేటలో లేదు. కోదాడలో లేదు. మిర్యాలగూడ పేజీ దగ్గర ఆయన మొహం వెలిగింది.

"చూశారా, పేపర్లో కూడా వచ్చింది! నిజం చెప్పొద్దూ రిపోర్టర్ గారూ, ఒక్క వెబ్‌సైట్ కాగితం పెట్టుకుని నాకు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు ఫైలుకు బలం వచ్చింది." ఆయన ఆ ముక్కను కత్తిరించడానికి కత్తెర అందుకున్నాడు.

"పైన సూడు సారూ! పైన! సారు గా టైముకు మిర్యాలగూడల ఉన్నడు!"

"పెద్దవాళ్లు రోజుకు పది కార్యక్రమాలు చేస్తారండీ. అయినా మిర్యాలగూడ మనది కాదు, పక్క జిల్లా. ఆ వార్త గురించి నేను మాట్లాడకూడదు." సతీష్ గీత వెంట జాగ్రత్తగా, పై వార్త ఒక్క అక్షరం కూడా రాకుండా కత్తిరించి, ఫైల్లో అంటించాడు. మిగిలిన పేజీని మడిచి మర్యాదగా గేమ్యా చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం తండాలో గేమ్యా ఎవరి మొహమూ చూడలేకపోయాడు. వాళ్లూ ఊరుకోలేదు. "నీళ్లు పేపర్లనే తాగినవా గేమ్యా, మాకేమన్న మిగిల్చినవా?" అని ఒకామె. "మనోడే, మనకే గిట్ల జేసిండు," అని ఒక పెద్దాయన. వాళ్లు తమ లంబాడీ మాటలోనే అన్నారు, అందులో ఇంకా గట్టిగా తగులుతుంది. ఇంట్లో నీలా బిందె దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది.

"నేను కష్టాలు తీరినయని ఎప్పుడన్న?"

గేమ్యా వంగి బిందెను గోడ వారకు జరిపాడు.

"పక్కింటి పిల్ల ఫోన్ల చదివి వినిపించింది. నా కళ్లు చెమర్చినయంట. మోటరు కాడ కరెంటు లేక నిలబడ్డప్పుడా?"

అప్పుడు ఆయన దాచకుండా అంతా చెప్పాడు. పీఏ నవ్వడం, గోడకు వేలాడే తాళంచెవి, మూడు ఊళ్ల పేజీలు, కత్తెర. నీలా మధ్యలో ఒకే ఒక్క చోట ఆపింది.

"గా ఏఈ ఏమన్నడు? తాళంచెవి ఎవరి కాడ ఉన్నదన్నడు?"

"రికార్డుల మన కాడనే ఉన్నదంట."

"సంతకం పెట్టిండా?"

"సంతకం పెట్టిండు, ముద్రేసిండు."

"అట్లయితే తాళం మనది. చెవి మనం పోగొట్టుకున్నం. మన తాళాన్ని మనమే పలగ్గొట్టుకుంటే అడిగెటోడెవడు?"

పద్దెనిమిదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికి తట్టని మాట అది.

తెల్లవారి ఎనిమిది గంటలకు, అందరూ చూస్తుండగా, తండా ఆడవాళ్లు గడ్డపార పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లారు. రిబ్బను లేదు, డప్పు లేదు. నీలా మూడు దెబ్బలు వేసింది, తాళం ఊడి కింద పడింది. వాల్వు బిగుసుకుపోయి ఉంటే నలుగురు చేతులు వేసి తిప్పారు. ఇంటింటి నల్లాలూ మొదట దగ్గాయి, తర్వాత ఎర్రటి నీళ్లు కక్కాయి, ఆ తర్వాత తెల్లగా దూకాయి. పిల్లలు కేకలు పెట్టారు. ట్యాంకు పక్క వీధి నల్లా దగ్గర నీలా తొలి బిందె పట్టింది. గేమ్యా పక్కనే నిలబడి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె కళ్లేం చెమర్చలేదు. "గా నల్లా కట్టెయ్యిండ్రి, ఉత్తగ పోతున్నయ్!" అని ఎవరినో అరిచి, బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఏడ్చింది గేమ్యా. ఆనందానికో, ఇన్నాళ్ల అవమానానికో, ట్యాంకు నీడలో నిలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు. రాయకుండా ఎలా ఉంటాడు? జరిగింది కళ్లారా చూశాడు, గంటతో సహా రాశాడు: ఉదయం ఎనిమిదీ పదికి తాళం పగిలింది, ఎనిమిదిన్నరకు నీళ్లొచ్చాయి. చైర్మన్ రాలేదనీ, రెండున్నర నెలలు ట్యాంకులోనే నీళ్లు ఆగిపోయాయనీ, మొదటి వార్త తనదే తప్పనీ రాశాడు. ఏ వాక్యంలోనూ ఎవరూ హర్షం వ్యక్తం చేయలేదు. తను రాసినవాటిలో ఇంత మంచి వార్త లేదని ఆయనకే అనిపించింది. నీలా రెండో బిందెకు వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"చదువు."

చదివాడు.

"మంచిగున్నది," అంది ఆమె. "పంపకు."

"ఎందుకే? అంత నిజమే గదా."

"నిజమే. రేపు గా ఏఈ గిదే పట్టుకోని వస్తడు. ట్యాంకి తెరవలేదని నువ్వే రాస్తివి, అంటే తాళం మాకియ్యలేదు, అంటే సర్కారు తాళం పలగ్గొట్టిన్రు అంటడు. కేసు నా మీద పెడ్తడా, నీ మీదనా? కేసు సంగతి తర్వాత, ముందుగాల వాల్వు బందు జేసి కొత్త తాళం ఏస్తడు."

గేమ్యా ఫోన్ వైపు చూశాడు, నల్లా వైపు చూశాడు. రాసినదాన్ని ఒక్కొక్క వాక్యం చెరపడానికి మనసు ఒప్పక, మొత్తం ఒకేసారి చెరిపేశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సూర్యాపేట నుంచి మౌనిక. ఆ పిల్ల గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"అన్నా, నీ అప్లికేషన్ మీద ఎండీ సార్ సంతకం అయింది! నేను నాలుగుసార్లు పోయి అడిగిన. ఇప్పుడే ఆ వార్త తీసేసి, 'ఎర్రబండ ట్యాంకు ఇంకా ప్రారంభం కాలేదు, పొరపాటుకు చింతిస్తున్నాం' అని పెడ్తున్నా. ఏఈ సార్‌కు గూడ ఒక కాపీ మెయిల్ జేయమన్నడు. ఖుషీనా?"

గేమ్యా లేచి నిలబడ్డాడు. "జర ఆగు బిడ్డా! నొక్కకు! ఏం నొక్కకు!"

"ఏమైందన్నా?"

"గది ఉండనియ్యి. తీయొద్దు."

"అబద్ధం గదన్నా అది? నువ్వే గదా దానికోసం గిన్ని రోజులు తిరిగినవ్!"

"అబద్ధమే బిడ్డా. గది ఉన్నన్ని రోజులే మాకు నీళ్లు. నువ్వు నిజం పెట్టినవనుకో, పొద్దుగూకే వరకు నల్లాలు ఎండిపోతయ్."

వీధి నల్లా కింద బిందె నిండి పొర్లుతుంటే, గేమ్యా వంగి దాన్ని పక్కకు జరిపి ఇంకొకటి పెట్టాడు. మౌనికకు అర్థమైందో లేదో గానీ, చివరికి మెల్లగా అంది.

"సంతకం అయిపోయింది మరి, నేనట్ల ఆపలేనన్నా. రేపు పొద్దుగాల పది వరకు చూస్తా. వచ్చి, తీయొద్దని ఇంకో అప్లికేషన్ రాసియ్యి. వార్త నిజమేనని కింద నువ్వు సంతకం పెట్టాలె."

మొదటి బస్సుకే వస్తానని గేమ్యా చెప్పాడు.